సేవ అనాలా, జీతం అనాలా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చదువు, ఉద్యోగం గురించినవే ఎక్కువ. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. అందుకని ఈ నెల ఆ సబ్జెక్టు చదివేవాళ్లు రాసినవీ, వాళ్ల గురించి వచ్చినవీ ఏరి ఒకచోట పెట్టుకున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎమ్మే చేసి, అశోక్‌నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాను. ఈసారి ఇంటర్వ్యూ దాకా వచ్చాను. మొన్న మాక్ ఇంటర్వ్యూలో "ఈ ఉద్యోగమే ఎందుకు?" అని అడిగితే "ప్రజలకు సేవ చేయడానికి" అన్నాను. బోర్డులో ఒకాయన నవ్వి "అందరూ అదే చెప్తారు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజానికి నాకు కావాల్సింది నెలనెలా నికరంగా వచ్చే జీతం. నాన్నకు రెండెకరాల బత్తాయి తోట, దాని మీద అప్పు. చెల్లి పెళ్లి చేయాలి. వేరే దేశాల్లో ఈ సబ్జెక్టు చదివేవాళ్లయినా నిజంగా సేవ కోసమే వస్తారా? నాలాంటివాళ్లు రాకూడదా? మా నాయనమ్మ ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ నడుం వంగిపోయి మంచంలోనే ఉంటోంది. ఆమె ఉండగానే ఈ ఉద్యోగం కొట్టాలని నా ఆశ.

జవాబు: బాబూ, నువ్వు రావచ్చు. ముందు ఆ టెన్షన్ వదిలెయ్.

మన సబ్జెక్టులో ఈ ప్రశ్న మీద చాలా పని జరిగింది. 1990లో జేమ్స్ పెర్రీ, లోయిస్ వైజ్ అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు మనిషిని ప్రభుత్వ కొలువు వైపు లాగే కారణాలను మూడు రకాలుగా విడదీశారు. విధానాలు తయారయ్యే చోట నా మాట కూడా చెల్లాలన్న కోరిక ఒకటి. పౌరుడిగా ఇది నా బాధ్యత అనుకోవడం ఇంకొకటి. ఫలానా మనుషుల కష్టం చూసి కడుపు తరుక్కుపోవడం మూడోది. 1996లో పెర్రీ వీటిని కొలవడానికి 24 వాక్యాల ప్రశ్నపత్రం తయారుచేశాడు. అప్పటినుంచి ఎన్నో దేశాల్లో విద్యార్థుల చేత, ఉద్యోగుల చేత అలాంటి ప్రశ్నపత్రాలు నింపించారు. ఇవి ఉన్నవాడికి జీతం అక్కర్లేదని మాత్రం వాళ్లు అనలేదు. ఎడ్గార్ షైన్ అని ఎమ్ఐటీలో ఒక ఆచార్యుడు ఉండేవాడు. మనిషి తన వృత్తిలో ఎంత కష్టమొచ్చినా వదులుకోలేనిది ఏదో ఒకటి ఉంటుందని చెప్పి, అలాంటివి ఎనిమిది గుర్తించాడు. అందులో భద్రత ఉంది, సేవ కూడా ఉంది. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని ఆయన మార్కులు వేయలేదు.

నీకు బాగా ఉపయోగపడే సంగతి జాంబియాలో జరిగింది. 2010లో అక్కడి ప్రభుత్వం పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తల పోస్టులు కొత్తగా పెట్టింది. మొదటి విడత 48 జిల్లాల్లో మనుషుల్ని తీసుకోవాలి. పరిశోధకుల సాయంతో కొన్ని జిల్లాల్లో "మీ ఊరివాళ్లకు సేవ చేయండి" అనే అర్థం వచ్చే పోస్టర్లు అంటించారు. మిగతా జిల్లాల్లో "ఈ ఉద్యోగంలో చేరితే పైపైకి ఎదగవచ్చు" అని పెట్టారు. ఎదుగుదల కోసం వచ్చినవాళ్లు ఊరి మొహం చూడరని నువ్వూ నేనూ అనుకుంటాం. వాళ్లే 29 శాతం ఎక్కువ ఇళ్లకు వెళ్లారు. వాళ్లు పనిచేసిన చోట తక్కువ బరువున్న పిల్లల శాతం కూడా తగ్గింది. తన బతుకు బాగుపడాలని వచ్చిన మనిషి ఊరి బతుకునూ బాగు చేయగలడని దీన్నిబట్టి ధైర్యంగా చెప్పొచ్చు.

నేను పాఠం చెప్పే రోజుల్లో మొదటి క్లాసులో ఒక తెల్లకాగితం ఇచ్చి, పేరు రాయకుండా ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నారో రాయమనేదాన్ని. "లెక్కలు లేవు కాబట్టి" అని రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. "గ్రూప్స్‌కి పనికొస్తుందని" అన్నది ఇంకా ఎక్కువ. ఒక కాగితం నేను ఇప్పటికీ దాచుకున్నాను. నీలం ఇంకు, తలకట్లు సరిగ్గా పెట్టని చేతిరాత. "మా నాన్న పింఛను కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరిగిండు. పోయినప్పుడల్లా ఇంకో కాగితం తెమ్మన్నరు. ఆ కుర్చీల నేను కూసోవాలె" అని ఉంది. ఇది సేవా, పగా, ఆశా? నాకు విడదీయడం చేతకాలేదు. రాసిన పిల్లవాడు ఎవరో తర్వాత తనే చెప్పాడు. ఇప్పుడు నాయబ్ తహశీల్దార్.

ఒకసారి నా పని మీద అతని ఆఫీసుకు వెళ్లి కాసేపు కూర్చున్నాను. ఒక ముసలాయన దరఖాస్తు పట్టుకొచ్చాడు. ఇతను దాన్ని మొదటి గీత నుంచి చివరి సంతకం దాకా చదివి, తక్కువైన కాగితాలన్నీ ఒకేసారి ఒక చీటీ మీద రాసి, ఏది ఎక్కడ దొరుకుతుందో పక్కనే రాసి చేతిలో పెట్టాడు. అయిదు నిమిషాల పని. ముసలాయన మళ్లీ ఒక్కసారి వస్తే చాలు. పాలన అంటే నా లెక్కలో ఇదే. ఆ నాయబ్ తహశీల్దార్‌కి కూడా జీతం అవసరమే, హోమ్‌లోన్ కూడా ఉంది.

ఇక నీ ఇంటర్వ్యూ. నీ ఉత్తరంలో అసలు జవాబు చిట్టచివర, సంబంధం లేనట్టు రాశావు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిన నాయనమ్మ ఇంట్లో ఉంది. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ నీరీ సంస్థవాళ్లు పెట్టిన పేరే నల్గొండ. పద్ధతికి మీ జిల్లా పేరు పెట్టారు, మీ ఇంట్లో మాత్రం మనిషి నడుం వంగిపోయింది. మధ్యలో ఏం జరిగింది? నీళ్లు ఎవరు పరీక్షించాలి, ఎన్నాళ్లకోసారి, ఆ కాగితం ఎవరి బల్ల మీదికి వెళ్తుంది, అక్కడ ఎందుకు ఆగుతుంది? ఇవి నీకు తెలియాలి. తెలియకపోతే ఈ వారమే తెలుసుకో. బోర్డు మళ్లీ అడిగితే "మా ఇంటికి నికరమైన ఆదాయం కావాలి సార్, అది నిజం. ఆ జీతానికి నేను చేయాలనుకునే పని ఇదీ" అని చెప్పు. నవ్వితే నవ్వనీ.

ప్రశ్న: నమస్తే మేడమ్. గుంటూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కొరియా సీరియల్స్ బాగా చూస్తాను. వాటిలో కూడా ప్రభుత్వ పరీక్షలకు చదివే కుర్రాళ్లు కనిపిస్తారు. మనలాగే వాళ్లకీ గవర్నమెంటు ఉద్యోగం పిచ్చి ఉందా? ఆసియా సంస్కృతే అంత అని మా సార్ అంటారు. నిజమేనా?

జవాబు: అమ్మాయీ, సీరియల్లో చూసింది నిజమే. సియోల్‌లో నొర్యాంగ్జిన్ అనే పేట ఉంది. మన అశోక్‌నగర్, చిక్కడపల్లి కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కోచింగ్ సెంటర్లు, మంచం పట్టేంత గదులు, కప్పులో అన్నం పెట్టి మీద కూరలు వేసి అమ్మే బండ్లు. అక్కడ తొమ్మిదో గ్రేడు పరీక్ష అంటే మన గ్రూప్స్‌లో కింది పోస్టుల లాంటిది.

సంస్కృతే అంత అన్న మాట దగ్గర మాత్రం మీ సార్‌తో నేను ఏకీభవించను. 2011లో ఆ పరీక్షలో ఒక్కో పోస్టుకు 93 మంది పోటీపడ్డారు. 2024కి వచ్చేసరికి 22 మంది కూడా లేరు, ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అంత తగ్గలేదు. పదమూడేళ్లలో ఒక జాతి సంస్కృతి మారిపోతుందా? మారింది ఉద్యోగం. 2015లో పింఛను నిబంధనలు మార్చారు. ఉద్యోగి కట్టే వాటా పెంచి, చివర్లో వచ్చేది తగ్గించారు. మొదట్లో వచ్చే జీతం ప్రైవేటు కంపెనీలతో పోలిస్తే చాలా తక్కువ. కౌంటర్ దగ్గరికొచ్చి తిట్టిపోసే జనం, పైవాడి మాటకు ఎదురు చెప్పలేని వాతావరణం. ఇవన్నీ చూసి కుర్రకారు వెనక్కి తగ్గారు.

పక్కనే చైనా. అక్కడ సరిగ్గా తిరగబడింది. 2023 నవంబరులో జరిగిన జాతీయ పరీక్షకు దాదాపు 39,600 పోస్టులుంటే, అర్హులుగా తేలిన దరఖాస్తులే మొదటిసారి 30 లక్షలు దాటాయి. ఆ ఏడాది జూన్‌లో పట్టణ యువతలో నిరుద్యోగం 21.3 శాతం. ప్రైవేటులో తలుపులు మూసుకుంటుంటే పిల్లలు తెరిచి ఉన్న తలుపు వైపే వెళ్తారు కదా.

హోఫ్‌స్టెడ్ అనే డచ్చి పండితుడి పేరు నీ సిలబస్‌లో తగిలే ఉంటుంది. ఐబీఎమ్ కంపెనీ ఉద్యోగుల జవాబులతో 1980లో దేశాల విలువలకు కొలతలు కట్టాడు, తర్వాత మరికొన్ని దేశాలు చేరాయి. రేపేమవుతుందో తెలియకపోతే ఒక సమాజం ఎంత బెదురుతుంది అన్నది అందులో ఒక కొలత, అంకె పెద్దదైతే బెదురు ఎక్కువ. గ్రీసుకు 112, కొరియాకు 85, మన దేశానికి 40, చైనాకు 30, సింగపూర్‌కు 8. దీన్ని పట్టుకుంటే కొరియా పిల్లలు భద్రమైన కొలువును వదలకూడదు, చైనా పిల్లలు దానికోసం ఎగబడకూడదు. జరిగింది రెండూ ఉల్టా. అందుకే ఏ దేశం విద్యార్థి విలువల గురించి చదివినా, అక్కడ ఆ ఉద్యోగానికి జీతమెంత, పింఛనుందా, బయట వేరే పనులున్నాయా అన్నది ముందు చూడు. సంస్కృతికి పాత్ర లేదని కాదు, అన్నీ దాని నెత్తినే వేయొద్దంటున్నాను.

పద్ధతులు కూడా మనిషిని మలుస్తాయి. సింగపూర్‌లో తెలివైన పిల్లలకు ప్రభుత్వమే స్కాలర్‌షిప్పు ఇచ్చి, చదువయ్యాక కొన్నేళ్లు ప్రభుత్వంలోనే చేయాలని బాండు రాయించుకుంటుంది. ఫ్రాన్స్‌లో 1945లో పెట్టిన పాలనా పాఠశాలలో చివరి ర్యాంకును బట్టి పోస్టు ఎంచుకునేవారు. ముందున్నవాళ్లు ఆడిట్, ఆర్థిక తనిఖీ లాంటి పెద్ద కొలువులు తీసుకునేవాళ్లు. అది పై వర్గాల పిల్లల అడ్డా అయిందన్న విమర్శ ముదిరి, 2022లో దాని స్థానంలో కొత్త సంస్థ వచ్చింది. మన దగ్గర తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022లో రాస్తే రద్దు, 2023లో రాస్తే మళ్లీ రద్దు, 2024లో మూడోసారి రాశారు. ఆ పిల్లల్ని నీ విలువ ఏంటని అడిగితే, ముందు ఓపిక అనే చెప్తారు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయికి అమెరికాలో ఎమ్‌పీఏ సీటొచ్చింది, అంటే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ అట. బ్యాంకు లోన్ తీసుకోవాలి. చదివాక అక్కడ ప్రభుత్వ ఉద్యోగం వస్తుందా? అమ్మాయి మాత్రం "నాకు సమాజానికి పనికొచ్చే పని కావాలి, డబ్బు తర్వాత" అంటోంది.

జవాబు: అమ్మా, సంతకం పెట్టకముందే రాశారు, మంచిపని చేశారు. ఉన్నదున్నట్టు చెప్తాను.

అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపు అన్నీ ఆ దేశ పౌరులకే. ఎమ్‌పీఏ చదివినవాళ్లను నేరుగా కేంద్రంలోకి తీసుకునే ఫెలోషిప్ ఒకటి 1977 నుంచి నడిచేది, దాన్ని 2025లో ఎత్తేశారు. ప్రభుత్వంలో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కడితే మిగిలిన చదువు అప్పు మాఫీ చేసే పథకం 2007 నుంచి ఉంది. అక్కడి పిల్లలు తక్కువ జీతానికైనా ప్రజల పనిలో ఉండగలుగుతున్నారంటే అదొక కారణం. అయితే అది అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అప్పులకే వర్తిస్తుంది. మీ అమ్మాయి మన బ్యాంకులో తీసుకునే లోన్‌కి కాదు. చదువయ్యాక పనిచేయడానికి మామూలుగా ఒక సంవత్సరం అనుమతి ఇస్తారు. కోర్సు స్టెమ్ జాబితాలో, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, లెక్కల కోర్సుల జాబితాలో ఉంటే ఇంకో రెండేళ్లు. ఎమ్‌పీఏ కోర్సుల్లో చాలావరకు అందులో ఉండవు. యూనివర్సిటీకి ఈమెయిల్ పెట్టి ఈ ఒక్క మాట రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మరి అక్కడివాళ్లు ఎక్కడికి వెళ్తారు? నగరపాలక సంస్థలు, కౌంటీలు, రాష్ట్ర ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు, కన్సల్టింగ్ కంపెనీలు. ఎన్నికైన కౌన్సిల్ ఒక నిపుణుడిని జీతానికి పెట్టుకుని ఊరు నడిపించుకునే పద్ధతి అక్కడ చాలా పట్టణాల్లో ఉంది. అతన్ని సిటీ మేనేజర్ అంటారు. పాల్ లైట్ అనే పరిశోధకుడు 1999లో అక్కడి పేరున్న పాలనా పాఠశాలల పూర్వవిద్యార్థులను పరిశీలించి, 1970ల బ్యాచుల కన్నా తర్వాతివాళ్లు ప్రభుత్వంలోకి తక్కువగా వెళ్తున్నారని చూపించాడు. ప్రజలకు పనికొచ్చే పని అంటే ప్రభుత్వంలోనే చేయాలని వాళ్లు అనుకోవడం లేదు.

మీ అమ్మాయి మాట నాకు నచ్చింది. ఆ మాట నిలబడాలంటే లోన్ చిన్నదిగా ఉండాలి. నెలనెలా ఈఎమ్ఐ మెడ మీద కూర్చుంటే, ఎంత మంచి మనసున్నా జీతం ఎక్కువిచ్చే చోటికే వెళ్లక తప్పదు. యూనివర్సిటీ ఫీజులో రాయితీ ఎంతిస్తుందో, అసిస్టెంట్‌షిప్ ఉందో లేదో తేలాకే నిర్ణయించుకోండి. ఏదీ రాకపోతే నేనైతే పంపను.

ప్రశ్న: మేడమ్, శ్రీకాకుళం జిల్లాలో గ్రూప్-2 ఉద్యోగిని. నేను చదివిన కాలేజీవాళ్లు పిల్లలకు ప్రభుత్వ ఉద్యోగం గురించి మాట్లాడమని పిలిచారు. పోయినసారి వెళ్తే ఒక కుర్రాడు అందరిముందూ "సార్, పైసంపాదన ఎంతుంటుంది?" అని అడిగాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు చాలా బాధేసింది. ఈసారి వెళ్లాలా వద్దా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. మీరు వెళ్లకపోతే ఆ కుర్రాడికి వేరేవాళ్లు జవాబు చెప్తారు.

మీ బాధ నాకు అర్థమైంది, ఎందుకంటే దీని మీద ఒక పరిశోధన చదివి నేనూ బాధపడ్డాను. రీమా హన్నా, షింగ్‌యీ వాంగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బెంగళూరు కాలేజీ విద్యార్థులతో చేశారు. ఒక్కొక్కరినీ పాచిక 42 సార్లు వేసి, ఎంత పడిందో వాళ్లనే రాసుకోమన్నారు. ఎంత ఎక్కువ పడితే అంత డబ్బు. ఎవరూ చూడరు. మూడోవంతు మంది, మామూలుగా నూటికి ఒక్కరికి కూడా పడనంత పెద్ద మొత్తాలు రాశారు. అలా ఎక్కువ రాసుకున్నవాళ్లే ప్రభుత్వ ఉద్యోగం కావాలని ఎక్కువగా చెప్పారు. బాగా మార్కులొచ్చినవాళ్లను మాత్రమే ఏరినా ఆ పరిస్థితి మారలేదు. ఇది 2017లో అచ్చయింది.

ఇక్కడితో ఆగితే మన పిల్లలింతే అని తిట్టుకోవచ్చు. 2019లో డెన్మార్క్ గురించి వచ్చిన పరిశోధన కూడా చదవాలి. కోపెన్‌హాగెన్ యూనివర్సిటీలో లా, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ విద్యార్థులతో అలాంటి పాచికల ఆటే ఆడించారు. అక్కడ నిజాయితీగా ఆడినవాళ్లు ప్రభుత్వం వైపు మొగ్గారు, మోసం చేసినవాళ్లు ప్రైవేటు వైపు వెళ్తామన్నారు. అక్కడ ప్రభుత్వ కుర్చీలో లంచం దొరకదు, ప్రైవేటులో జీతం ఎక్కువ. డబ్బే కావాలనుకునేవాడికి ప్రభుత్వంలో ఏం పని? బెల్లం ఉన్నచోటికే చీమలు. మన పిల్లల రక్తంలో దోషం లేదు. మనం ఆ కుర్చీకి తెచ్చిపెట్టిన పేరు అలాంటిది. ఒక ఊరి విద్యార్థులు నోటితో చెప్పిన ఇష్టాలతో దేశమంతటికీ తీర్పు చెప్పకూడదన్న జాగ్రత్త నాకుంది. అయినా ఆ రెండు దేశాల తేడా మాత్రం నన్ను వదలదు.

అందుకే మీ ఉపన్యాసం ముఖ్యం. ఈ నెల మొదటి జవాబులో జాంబియా పోస్టర్ల గురించి రాశాను. ఉగాండాలో ఇంకోరకంగా జరిగింది. ఒక స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో ఆరోగ్య ప్రచారకుల కోసం వెతుకుతూ, సంపాదన బాగా ఉంటుందన్న మాటను కొన్నిచోట్ల గట్టిగా చెప్పింది. అక్కడ ఊరి మేలు కోరే మనసున్నవాళ్లు వెనక్కి తగ్గారు. జాంబియాలో ఎదుగుదల అన్నారు, ఉగాండాలో డబ్బు అన్నారు. ఏం చెప్పి పిలుస్తామో దాన్నిబట్టి మనుషులొస్తారు. కాలేజీలో మైకు పట్టుకుని మీరు చెప్పేదే ఆ పిల్లలకు పోస్టర్.

బంగళా, బండి, నమస్కారాల గురించి మాట్లాడకండి. కార్ల మీద ఎర్రబుగ్గలు 2017 మే 1 నుంచే పోయాయి, ఆ మోజు పిల్లల బుర్రలోంచి ఇంకా పోలేదు. మీ మామూలు రోజొకటి చెప్పండి. పొద్దున ఏ ఫైలు వచ్చింది, ఎవరు ఏడుస్తూ వచ్చారు, ఏది చేయగలిగారు, ఎవరి ఫోనొచ్చి ఏది ఆగిపోయింది. జీతం ఎంతో అంకెతో సహా చెప్పండి, దాంతో ఇల్లు ఎలా గడుస్తోందో కూడా చెప్పండి. ఎస్.ఆర్. శంకరన్ గారి గురించి చెప్పండి. 1957 బ్యాచ్ ఐఏఎస్, వెట్టిచాకిరీ నుంచి మనుషుల్ని విడిపించడానికి మన జిల్లాలు తిరిగిన అధికారి. 1987లో గుర్తేడులో నక్సలైట్లు ఎత్తుకెళ్లిన అధికారుల్లో ఆయన కూడా ఉన్నారు. అయినా పల్లెలు వదల్లేదు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. పైసంపాదన గురించి ఆ కుర్రాడు మళ్లీ అడిగితే కోప్పడకుండా, ఏసీబీ కేసులో సస్పెండైన ఉద్యోగి ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పండి. మీ జిల్లాలో అలాంటి ఇల్లు మీకు తెలియకుండా ఉండదు.

ప్రశ్న: మేడమ్, సిద్దిపేటలో ఉంటాను, గృహిణిని. మా బాబు గ్రూప్స్ పుస్తకాలు తిరగేస్తుంటే నాకూ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ మీద ఇష్టం కలిగింది. ఉద్యోగం వయసు దాటిపోయింది. ఇంట్లో ఉండి ఎమ్మే చదివితే నవ్వుతారా?

జవాబు: నవ్వేవాళ్లను పక్కన పెట్టు తల్లీ. హైదరాబాద్‌లోని అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1982లో మొదలైంది. నీలాంటివాళ్ల కోసమే పెట్టారు. మీ ఊళ్లో స్టడీ సెంటర్‌కి వెళ్లి, ఎమ్మేకు డిగ్రీలో ఏ సబ్జెక్టులుండాలో, ఫీజు ఎంతో, పరీక్ష తెలుగులో రాయొచ్చో లేదో కనుక్కో. ఈలోగా తెలుగు అకాడమీ వేసిన డిగ్రీ పుస్తకాలతో మొదలుపెట్టు, పారిభాషిక పదాలు అలవాటవుతాయి. సమాచార హక్కు చట్టం పాఠం వచ్చినప్పుడు ఊరికే చదివి వదిలేయకు. మీ వీధి డ్రైనేజీకి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని ఒక దరఖాస్తు పెట్టు. 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన జవాబు జిరాక్సు నాకూ పంపు, వచ్చే నెల ఇక్కడే వేస్తాను.